నీలం రేకు మీది సంఖ్య

"దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఒక్కటి పట్టుకురండి మాస్టారూ, మా చెల్లెల్ని మీకిచ్చి పెళ్లి చేస్తా. ఒకటీ, ఆ సంఖ్యా మాత్రం చెల్లవు" అంటూ దుకాణం యజమాని ఓ నీలం రేకు చేతిలో పెట్టాడు.

బళ్లకు నంబర్లు రాసే పదమూడో నంబరు దుకాణం అది. రేకులు కోసేది అన్న, అంకెలు రాసేది చెల్లెలు. అన్నగారి చదువు రెండో ఎక్కం దగ్గరే చతికిలబడింది. పిల్లనడగడానికొచ్చిన లెక్కల మాస్టారు రేకు చూశాడు. తెల్లరంగు ఇంకా తడిగానే ఉంది: 2332520749. చెల్లెలు తలెత్తలేదు.

మాస్టారు మీసం మెలేశాడు. తనను ఓడించే లెక్క ఇంకా పుట్టలేదని బడిలో బల్లగుద్ది చెప్పే మనిషి. మూడు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు... అన్నీ ఇంటికి నడుస్తూ నోటితోనే కానిచ్చేశాడు. దేనితోనూ పోలేదు.

మర్నాడు చెల్లెలు ఎదురుపడింది. "చిన్నవి ఇంకోసారి చూసుకోండి మాస్టారూ."

"నాకా చెప్పడం! అవి నడుస్తూనే అయిపోయాయి. ఇది మొండిఘటం, పెద్దవాటికే లొంగుతుంది."

రోజుకొక ప్రధాన సంఖ్యతో భాగహారం, సెలవుల్లో రెండింటితో. నోటు పుస్తకాలు మంచం కింద నిండి మంచమెక్కాయి, మాస్టారు మంచం దిగి నేలమీద పడుకున్నాడు. పళ్లు రెండు రాలాయి. మీసం నెరిసింది. దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, "ఎందాకా వచ్చారు? చిన్నవి చూశారా?" అని ఆమె కుంచె ఆపి అడిగేది.

"చూసినవే ఎన్నిసార్లు చూస్తారమ్మా!"

ఆరో ఏడు నుంచి అడగడం మానేసింది.

పదకొండో ఏడు భాగించే సంఖ్య నలభై ఎనిమిది వేలు దాటి, రేకు మీది సంఖ్య వర్గమూలాన్ని మించింది. ఆ పైన చూడక్కర్లేదని లెక్కల శాస్త్రమే చెబుతుంది. మాస్టారు పుస్తకాల మూట దుకాణంలో దభీమని పడేశాడు.

"ఇది దేనికీ లొంగని ప్రధాన సంఖ్యయ్యా! నా గొంతు కోశావు!"

"నాకేం తెలుసు మాస్టారూ, నాకు ఎక్కాలే రావు. ఆ సంఖ్య ఎంచింది మా చెల్లెలు."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు. "అంటే, నన్ను వదిలించుకోడానికన్నమాట! ఇష్టం లేదని మొహం మీదే చెప్పొచ్చుగా? పిలువు, అడుగుతాను."

"పోయిన నెల పెళ్లయి వెళ్లిపోయింది. మీరొస్తే, మన తలుపు మీది నంబరుతో ఒక్కసారి భాగించి చూడమంది."

మాస్టారు పగలబడి నవ్వాడు. "పదమూడా? వెళ్తూ వెళ్తూ కూడా వేళాకోళమేనా! అది మొదటి రోజే అయిపోయింది. కావాలంటే నువ్వే కళ్లారా చూడు."

జేబులోంచి సుద్దముక్క తీసి, ఆమె రాసిన పదమూడు కిందే, తలుపు మీద భాగహారం మొదలుపెట్టాడు. లెక్క మెట్టు మెట్టుగా కిందికి దిగింది. చివరి మెట్టు దగ్గర సుద్ద ఆగిపోయింది.

"ఎంత మిగిలింది మాస్టారూ?" అన్నాడు అన్న, ఏమీ అర్థం కాక.

శేషం సున్నా.