సాయంత్రం బ్యాచ్

"చెయ్యి ఇంకాస్త పైకి!" అని గుమ్మం దగ్గరనుంచే అరిచాడు వ్యాయామం మాస్టర్.

సాయంత్రం బ్యాచ్‌లోని బక్కాయన చెయ్యెత్తాడు. మోచెయ్యి వంకరగానే ఉంది. దగ్గరికెళ్ళి సరిచేయక తప్పదు. మాస్టర్ ఒక గ్లవ్ తొడుక్కుని, దానిమీద ఇంకోటి తొడుక్కున్నాడు. అదీ చాలదనిపించి, మూలనున్న కర్ర తీసి దాని కొసతో ఆ మోచేతిని నెట్టాడు.

"రోజూ ఆ తొడుగులేంటి మాస్టారూ? చేతికేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు బక్కాయన.

"ఎలర్జీ" అన్నాడు మాస్టర్. ఏమీ ఎరగనట్టు ఎంత బాగా నటిస్తున్నాడో అని లోపల పళ్ళు నూరుకున్నాడు.

ఆ పీక్కుపోయిన దవడలు, పుల్లల్లాంటి కాళ్ళు, చాపమీద తడితడిగా మిగిలే చెమట మరక. చూడలేక మొహం తిప్పుకునేవాడు మాస్టర్. ఇంటికెళ్ళగానే బూట్లు బయటే విప్పి, తలస్నానం చేసిగాని పిల్లని ఎత్తుకునేవాడు కాదు.

అతను ఆసుపత్రిలో పనికి చేరిన రోజే డాక్టరమ్మ విషయం చెప్పింది. "మీకు పొద్దునొకటి, సాయంత్రమొకటి, రెండు బ్యాచ్‌లు. ఒకటి మామూలు షుగరువాళ్ళది. ఇంకోటి హెచ్ఐవీ ఉన్నవాళ్ళది. ఏళ్ళ తరబడి ఆ మందులు వాడేవాళ్ళలో కొందరికి షుగరు, కొవ్వు, పొట్ట పట్టుకుంటాయి. రెండు బ్యాచ్‌లకీ అదే నడక, అవే బరువులు. అందుకే ఏ బ్యాచ్ ఎవరిదో నేను చెప్పను, మీరు అడగొద్దు."

కళ్ళున్నవాడికి ఒకరు చెప్పాలా? మనవాడు తొలిరోజే తేల్చేశాడు. సాయంత్రంవాళ్ళు ఎండిపోయి, మాటా పలుకూ లేకుండా ఉంటారు. పొద్దుటివాళ్ళు బొద్దుగా, కళకళలాడుతూ ఉంటారు. ఇంకేం రుజువు కావాలి!

పొద్దుటి బ్యాచ్ అంటే అతనికి ప్రాణం. అందులోనూ పెద్దమ్మంటే మరీను. ఆవిడ బరువెత్తలేక ఆయాసపడుతూ కూడా నవ్వించేది.

"ఈ పొట్ట నాది కాదు బాబూ, మందులు పెట్టిన పొట్ట. ఒకప్పుడు నేను సన్నజాజి తీగలా ఉండేదాన్నంటే నమ్ముతావా?"

"నమ్మను పెద్దమ్మా. ఇంకో పదిసార్లు వంగి లే, అప్పుడు చూద్దాం."

క్లాసు అయిపోయే వేళకి సంచుల్లోంచి ఫోన్లన్నీ ఒకేసారి మోగేవి. అందరూ బుద్ధిమంతుల్లా మాత్రలు తీసి వేసుకునేవారు.

"షుగరు మాత్రలకి ఇంత భక్తేంటి పెద్దమ్మా?"

"బతుకు మీద ఆశ బాబూ!"

ఒకరోజు గొంతు ఆరిపోయి, ఆవిడ చేతిలో నీళ్ళ సీసా లాక్కున్నాడు. "అయ్యో, అది నా ఎంగిలి!" అంటూ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది పెద్దమ్మ. "మా అమ్మ ఎంగిలి తాగలేదా ఏంటి?" అని గటగటా తాగేశాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ముసలి ప్రాణం, కాస్త ప్రేమకే కరిగిపోయిందనుకున్నాడు.

సాయంత్రమైతే మాత్రం ఈ బక్కాయన. బరువు దించుతూ కాలు జారి, పడిపోకుండా మాస్టర్ చెయ్యి పట్టుకున్నాడు. గ్లవ్ లేనిచోట, సరిగ్గా మోచేతి పైన.

"ముట్టుకోకు!" అంటూ ఒక్క తోపు తోశాడు మాస్టర్. బక్కాయన నేలమీద కూలబడి, తనేం తప్పు చేశాడో తెలియక బిక్కమొహం వేశాడు. పక్కనున్నవాళ్ళు లేవదీశారు. మాస్టర్ అప్పటికే కుళాయి దగ్గర, చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకుంటున్నాడు.

అట్నుంచటే డాక్టరమ్మ గదికెళ్ళాడు.

"నావల్ల కాదు మేడమ్. ఆ జబ్బు బ్యాచ్‌నుంచి నన్ను తప్పించండి."

"చెమటతో అంటదు, ఎంగిలితో అంటదు. చేరినరోజే చెప్పానుగా?"

"చెప్పారు. బుర్రకెక్కింది, ఒంటికెక్కలేదు. వాళ్ళ పక్కన నిలబడితేనే కంపరం. వాళ్ళు తాకిన చెయ్యి కోసి పారేయాలనిపిస్తుంది."

డాక్టరమ్మ మొహం చిట్లించింది, కుళ్ళిన వాసనేదో తగిలినట్టు.

"మిమ్మల్ని తప్పిస్తే ఎవరు ఏ బ్యాచ్చో బయటపడుతుంది. అది వాళ్ళ గుట్టు, నేను విప్పకూడదు. ఇప్పుడే ఫోన్ చేసి వాళ్ళనే అడుగుతాను. సరేనంటే రేపటినుంచి మీరు వాళ్ళ మొహం చూడక్కర్లేదు. ఇప్పుడన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పమంటారా?"

"నిక్షేపంగా చెప్పండి. నాకేం మొహమాటం?"

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది అతనికి. పొద్దున్నే ఈల వేసుకుంటూ, గ్లవ్స్ ఇంట్లోనే పడేసి వచ్చాడు. లోపల చాపలు ఇంకా పరవలేదు. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. వెనకాల మిగతావాళ్ళు తలలు దించుకుని ఉన్నారు.

"ఏంటి పెద్దమ్మా, ఇవాళ బద్ధకమా? ముందు ఆ నీళ్ళిలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు.

ఆవిడ సీసా కొంగు చాటుకి లాక్కుంది. రోజూ బాబూ, బాబూ అంటూ నోరారా పిలిచే మనిషి, కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

"డాక్టరమ్మ అడిగింది, మేం సరేనన్నామండీ."