ఫారం ఎనిమిది

గేటు చప్పుడైంది.

రాజ్యశ్రీ సైనిక కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని విసురుగా బల్లమీద పడేసింది. 'మీరు కోరిన వివరాలు అందుబాటులో లేవు.' ఇరవై ఏళ్ళలో ఇది పన్నెండోది.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆమె తండ్రి భవానీప్రసాద్ ఎక్కడో తూర్పు తీరాన పడవ దిగుతూ మునిగి చనిపోయాడని కబురు మాత్రం వచ్చింది. అప్పటికి ఆమె తల్లి కడుపులో ఉంది. ఎలా పోయాడో, చివరి క్షణంలో పక్కన ఎవరున్నారో చెప్పే దిక్కులేదు.

మళ్ళీ గేటు చప్పుడు.

జగ్గయ్యపేటలో ఆ వీధి ఓటర్ల జాబితా పని టీచరమ్మ రాజ్యశ్రీదే. పొద్దుట్నుంచీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.

బయట చేతికర్రతో ఒక ముసలాయన. పక్షవాతానికి మూతి ఒకవైపు లాగేసి ఉంది.

"అమ్మా... నాన్నగారి పేరు..." మాట ముద్దగా వచ్చింది.

"తప్పు పడిందా? ఫారం ఎనిమిది నింపాలి. ఆధార్ జిరాక్స్ తెచ్చారా?"

"అది కాదమ్మా. నేను కంచికచర్ల నుంచి..."

"కంచికచర్లవాళ్ళకి నేనేం చేస్తానండీ? అక్కడే అడగండి."

"కూర్చుని చెప్తా. రెండు నిమిషాలు..."

"నాకు ఊపిరి సలపడంలేదు పెద్దాయనా. వచ్చే ఆదివారం రండి."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నోరు తిరగలేదు. తలూపి మెల్లగా వెనక్కి మళ్ళాడు.

ఆ ఆదివారం ఆయన రాలేదు. రాలేదన్న సంగతి ఆమెకి గుర్తూ లేదు.

నెల తర్వాత మాజీ సైనికుల సంఘం నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్, మీరు మమ్మల్ని వెతకమన్న మనిషి మిమ్మల్ని కలిశాడా? మీ నాన్నగారితో ఒకే పడవలో వెళ్ళినాయన. శాంతికుమార్, కంచికచర్ల. ఫోన్లో తన మాట అర్థం కాదని, మీ అడ్రసు తీసుకుని తనే వస్తానన్నాడు."

రాజ్యశ్రీ కంచికచర్ల అడ్రసు రాసుకుంది.

సెలవు పెట్టి బస్సెక్కింది. నందిగామలో బస్సు ఎంతకీ కదలదు. డ్రైవర్ తీరిగ్గా టీ తాగుతున్నాడు. అతనిమీద ఒళ్ళు మండింది. తనమీద అంతకు పదింతలు.

ఇల్లు దొరికింది. గోడమీద ఆయన ఫోటోకి దండ వేసి ఉంది.

"టీచరమ్మ మీరేనా?" భార్య బసవమ్మ కుర్చీ వేసింది. "పోయి పన్నెండు రోజులైందమ్మా. మీరు రమ్మన్న ఆదివారం కూడా బయల్దేరాడు. బస్సు మెట్టు ఎక్కలేక తిరిగొచ్చాడు."

"మా నాన్న ఎలా పోయారో మీకేమైనా చెప్పారా?"

"నడుం లోతే అనుకుని దూకారంట. తీరా చూస్తే తల మునిగే నీళ్ళు. వీపున బరువులు. మీ నాయన్ని ఈయనే ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఇసకలో కాసేపు ప్రాణంతోనే ఉన్నాడంట."

"ఏమన్నా అన్నారా?"

బసవమ్మ తల దించుకుంది.

"పుట్టబోయే బిడ్డకి చెప్పమని ఒక మాట అప్పజెప్పాడంట... మీరెక్కడున్నారో తెలీక యాభై నాలుగేళ్ళు దాచుకున్నాడు, మీకే చెప్పాలని నాక్కూడా చెప్పలేదమ్మా."