ఏది ఎక్కువ రోజులుంటుంది

"ఏండ్లకేండ్లు దాచిపెట్టాలంటే ఏది మంచిది?" హరినాథ్ అడగడం ఇది మూడోసారి.

బిల్లీకి విసుగు రాలేదు. సంగారెడ్డిలో అతనిది చిన్న కంప్యూటర్ల దుకాణం. మాట్లాడే మనిషి దొరికితే చాలు.

"హార్డ్ డిస్క్ ముసలాయన లెక్క అన్నా. లోపల పలక తిరుగుతుంటది. పోయే ముందట దగ్గుతది, మూలుగుతది, అందర్నీ పరేషాన్ చేసి పోతది. ఎస్ఎస్‌డీల తిరిగేదేం ఉండది, ఉత్త చిప్పులే. దగ్గు లేదు, దమ్ము లేదు. రాత్రి మంచిగుంటది, పొద్దుగాల లేవది."

"కింద పడితే?"

"ముసలాయనే పోతడు. ఎస్ఎస్‌డీ దులుపుకొని లేస్తది."

హరినాథ్ జేబులోంచి చిన్న నల్లటి ఎస్ఎస్‌డీ తీశాడు. తన పాత కంప్యూటర్‌లోంచి విప్పింది. ఐదేళ్లు వాడింది.

"దీంట్లనే ఉన్నది. రేకుల ఇంట్ల, పెట్టెల పెడుతరు."

బిల్లీ తల అడ్డంగా ఊపాడు. "పెట్టెలకైతే వద్దు. దీనికి అప్పుడప్పుడు కరెంటు తాకియ్యాలె. గిట్ల అరిగింది, రేకుల కింది ఎండకు, రెండు మూడేండ్లల్ల ఏమున్నదో అదే మర్చిపోతది. హార్డ్ డిస్క్‌ల ఎక్కించి పెట్టెల పెట్టు. నువ్వు మర్చిపోయినా అది మర్చిపోదు. ఏముంది అందుల, పెండ్లి వీడియోనా?"

"కాదు."

హరినాథ్ కొత్త హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాడు. పటాన్‌చెరులోనే దొరికేది. అక్కడైతే తను పనిచేసే కంపెనీ వాళ్లు ఎవరైనా చూస్తారు.

ఎస్ఎస్‌డీలో ఉన్నది ఏడు నిమిషాల వీడియో. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో హరినాథ్ కరెంటు పనీ, కెమెరాలూ చూసుకుంటాడు. అతనున్న ప్లాంటులోనే అంజయ్య పనిచేసేవాడు. అక్కడ గోడకు గ్యాస్ అలారం ఉంది. వానాకాలంలో చెమ్మకు ఊరికే మోగుతుండేది. ఎవరో ఒకరు వచ్చి ఆపేవారు. తర్వాత గుర్తొస్తే మళ్లీ వేసేవారు. అందరికీ అలవాటే.

ఒకరోజు నిజంగానే గ్యాస్ లీకయింది. అలారం మోగలేదు. అంజయ్య లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు.

కునుకు తీయడానికి అంజయ్యే అలారం ఆపుకున్నాడని కంపెనీ రాసేసింది. కెమెరాలో ఏమీ పడలేదని కూడా రాసింది.

అక్కడి కెమెరాలు పదిహేను రోజులకోసారి పాతదాన్ని చెరిపేసి కొత్తది రాసుకుంటాయి. పద్నాలుగో రోజు అంజయ్య భార్య లీలమ్మ గేటు దగ్గర హరినాథ్‌ను పట్టుకుంది.

"నువ్వు సూసినవా తమ్మీ? ఆయనే ఆపిండా?"

చూడలేదు అనాలనుకున్నాడు. "లేదక్కా, ఆయన దూరంగ డ్రమ్ములు దొర్లిస్తుండె," అని నోటి నుంచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆ ఏడు నిమిషాలూ ఎస్ఎస్‌డీలోకి ఎక్కించుకున్నాడు. ఎందుకు ఎక్కించాడో అతనికే తెలియదు. ఊరుకుంటే మర్నాటికి అదే చెరిగిపోయేది. ఆ తర్వాత ఎన్నో రాత్రులు దాన్ని తుడిచేద్దామని కూర్చున్నాడు. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. కానీ వేలు మీట దాకా వెళ్లి ఆగిపోయేది. ఎవరికైనా ఇద్దామన్నా కాళ్లు కదిలేవి కావు. చివరికి మొన్న వీడియో ఉందని లీలమ్మకు చెప్పేశాడు, కేసు తేలేదాకా పెట్టెలో దాచుకుంటానంది ఆమె.

దుకాణం నుంచి నేరుగా లీలమ్మ ఇంటికి వెళ్లాడు. మధ్యాహ్నం. రేకుల గది పొయ్యిలా ఉంది. రెండింటినీ ఆమె ముందు పెట్టాడు.

"ఏదంటే అందుల ఉంచుతనక్కా. దీంట్ల పలక తిరుగుతది. కింద పడ్డదంటే పోవచ్చు. ఇందుల తిరిగేదేం లేదు. పడ్డా ఏంగాదు."

చెప్పిన ప్రతి మాటా నిజమే.

"మా బిడ్డ త్రివేణి సంగతి నీకెరుకే గద. ఏది ముట్టినా కింద పడేస్తది." భర్త పోయాక లీలమ్మ నవ్వడం అదే మొదలు. ఎస్ఎస్‌డీని అరచేతిలో తూచి చూసింది. "గిదే ఉండనీ. పసుపు డబ్బా అంత లేదు."

"కేసు కోర్టుల ఎప్పుడొస్తదట?" అడిగాడు హరినాథ్.

"మూడేండ్లో, నాలుగేండ్లో. పెట్టుకున్న లాయరేమో కంపెనీ మనిషని తేలె. ఇగ నేను ఎవల్నీ నమ్మ. జడ్జి సారు చేతికే ఇస్త. ఎవలు ఆపిండ్రో నాకు చెప్పకు తమ్మీ. వాళ్లింట్లనూ పిల్లలుంటరు. ఆయన ఆపలేదని తేలితే చాలు. బడిల పిల్లను మీ నాయిన నిద్రపోయి సచ్చిండు అంటున్నరట."

హరినాథ్ గొంతులోకి ఒక మాట వచ్చింది. నాలుక చివర దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"దీనికి నడుమ నడుమ ఏమన్న జెయ్యాల్నా?"

ఎండకు పైన రేకులు టప్పుమన్నాయి.

"ఏం జెయ్యొద్దక్కా. ముట్టకుండ పెట్టు."

లీలమ్మ దాన్ని పాత చీరముక్కలో చుట్టింది. ఇనుప పెట్టెలో బట్టల అడుగున దాచి తాళం వేసింది. వెనక్కి వచ్చి, అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"సొంత తమ్ముడైనా గింత జెయ్యడు," అంటూ కళ్లకద్దుకుంది.

వీడియోలో అలారం ఆపింది ఆ చెయ్యే.