బొంతల ప్రదర్శనకి

"నీ కారొద్దు, నా కారులో పోదాం. నడిపేది కూడా నేనే," అంటూ ఒలీటా పెద్ద బొంత మూట తెచ్చి వెనక సీట్లో కుక్కేసింది.

ట్వైలా చేతిలో కారు తాళాలు అలాగే ఉండిపోయాయి. "మీకెందుకు శ్రమ, మిస్ ఒలీటా? ఎండ మండిపోతోంది. నేనూ లేసీ వెళ్ళి చూసొచ్చి అన్నీ చెప్తాంగా."

"ఏం చెప్తావు? సూదిలో దారం ఎక్కించడం రాదు నీకు. ఎక్కండి, ఎక్కండి!"

తప్పంతా ట్వైలా నోటిదే. ఆదివారం చర్చిలో ఎవరో 'శుక్రవారం సెలవు పెట్టావట, ఎక్కడికి?' అనడిగితే, కంగారులో 'న్యూ మెక్సికోలో బొంతల ప్రదర్శన ఉందట, వెళ్తున్నాం' అనేసింది. అలాంటిదేదీ లేదు. బొంతలకి ఏటా బహుమతులు కొట్టే మనిషి, వారానికో ప్రదర్శనంటూ మూట కట్టుకుని తిరిగే పక్కింటి ఒలీటా సరిగ్గా వెనక వరసలో ఉందని చూసుకోలేదు. "అయితే నేనూ వస్తా!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది ఒలీటా.

అసలు సంగతి వేరు. ఇరవై ఏళ్ళ కూతురు లేసీకి నెల తప్పింది. నర్సు కోర్సులో సీటొచ్చిన వారంలోనే. "నాకిప్పుడు బిడ్డ వద్దమ్మా" అంది, ఒక్కసారే, గట్టిగా. టెక్సస్‌లో కడుపు తీయడం నేరం, ఏ డాక్టరూ ముట్టుకోడు. హద్దు దాటి పక్క రాష్ట్రం న్యూ మెక్సికో వెళ్తే అక్కడి క్లినిక్‌లో చేస్తారు, పదకొండింటికి రమ్మన్నారు కూడా. కానీ తమ ఊరి రోడ్ల మీదుగా ఆ పనికి ఎవరినీ తీసుకెళ్ళకూడదని ఊరి కౌన్సిలు కొత్త నిబంధన పెట్టింది. పట్టుకోవడానికి పోలీసులే రానక్కర్లేదు. కారు నడిపినవాళ్ళ మీదా, తోడు వెళ్ళినవాళ్ళ మీదా పక్కింటివాళ్ళెవరైనా కోర్టుకెక్కొచ్చు.

ఆ కౌన్సిలు మీటింగులో ముందు వరసలో కూర్చుని, బొంత కుట్టుకుంటూ, ప్రతి మాటకీ 'ఆమెన్' అన్నది ఈ ఒలీటాయే.

"ఫోన్లిలా తెండి," అని ఒలీటా ఇద్దరి ఫోన్లూ లాక్కుని ట్వైలా వంటింటి సొరుగులో పడేసి వచ్చింది. "అవుంటే కబుర్లు సాగవు."

ఆలస్యమైతే క్లినిక్‌కి కబురు చెప్పే దారి కూడా పోయింది. కోర్టు, ఇంటి వేలం, టీవీలో తన మొహం వరసగా ట్వైలా కళ్ళముందు తిరిగాయి. టీవీలో మొహం కూడా తల దువ్వుకోకుండానే.

పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. లేసీ మొహం పాలిపోయింది.

"ఇదిగో బంగారం, ఉప్పు బిస్కెట్లు, అల్లం సోడా," అని ఒలీటా ఒక సంచీ వెనక్కి అందించింది. "నా డ్రైవింగ్‌కి ఎవరికైనా కడుపులో తిప్పుతుంది."

"పొద్దున తిన్న గుడ్డు పడలేదు దానికి!" అంది ట్వైలా, ఎవరూ అడక్కుండానే.

"నేను గుడ్డు తినలేదు కదమ్మా."

"అదే! తినకపోవడమే పడలేదు!"

ఒలీటా పకపకా నవ్వింది.

పెట్రోలు బంకులో బాత్రూం తలుపు మూసి, లేసీ గుసగుసగా అడిగింది. "నిజం చెప్పేద్దామా అమ్మా? మంచావిడే కదా."

"మంచావిడే! కోర్టుకెళ్ళేది మంచివాళ్ళేనే పిచ్చిదానా! నువ్వు నోరు మూసుక్కూర్చో."

బయటికొచ్చేసరికి కారు పక్కన పోలీసు బండి. డ్వేన్ అనే డెప్యూటీ టోపీ ఎత్తి నిలబడ్డాడు. తల్లీకూతుళ్ళు గబగబా వెళ్ళి కారులో కూర్చున్నారు.

"ఎక్కడికి మిస్ ఒలీటా, ఆడ సైన్యాన్నంతా వేసుకుని?"

"బొంతల ప్రదర్శనకిరా డ్వేన్! చూస్తావా?" అంటూ ఒలీటా వెనక తలుపు తీసి బొంత విప్పి పరిచేసింది. దాని కింద లేసీ తలతో సహా మునిగిపోయింది. "ఈ నీలం ముక్క మా నాన్నగారి చొక్కా. ఈ గళ్ళది మా చెల్లెలి గౌను. ఇదేమో..."

"వెళ్ళిరండి, వెళ్ళిరండి!" అంటూ డ్వేన్ తన బండివైపు దాదాపు పరిగెత్తాడు.

మళ్ళీ రోడ్డెక్కాక ట్వైలా డాష్‌బోర్డు మీద గడియారం చూసి "అయ్యో, పదకొండు!" అని పైకే అనేసింది.

"నీకేం తొందర తల్లీ? హద్దు దాటగానే గడియారం గంట వెనక్కి పోతుందిగా."

భయంలో ఆ ముక్కే మరిచిపోయింది ట్వైలా. ఆ గంట చేతికొచ్చినందుకు ఊపిరి పీల్చుకుంది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. క్లినిక్ ఉన్న ఊళ్ళోకి వెళ్ళాక లేని ప్రదర్శన ఎక్కడినుంచి తెస్తుంది? ఏదో హోటల్లో ఈవిడ ముందు పచ్చిమిరపకాయల బర్గరు పెట్టించి, తలనొప్పని చెప్పి, లేసీని లాక్కుని పారిపోవాలి. అంతే.

హద్దు దాటి ఆ ఊళ్ళోకి రాగానే ట్వైలా అంది, "అదిగో హోటలు! ఆగుదామా మిస్ ఒలీటా? మీకాకలేస్తోందేమో!"

"తర్వాత తిందాం," అంటూ ఒలీటా హోటలు దాటించింది. ఎవర్నీ దారడగకుండా రెండు సందులు తిరిగి, బోర్డైనా లేని ఒక గోధుమరంగు భవనం వెనక కారాపింది.

అది ఆ క్లినిక్కే. ఆ భవనం ఫోటో ట్వైలా కంప్యూటర్లో ఎన్నిసార్లు చూసుకుందో! అంతా తెలిసిపోయింది ఈవిడకి. కోర్టుకి సాక్ష్యం కోసమే వెంటబెట్టుకుని మరీ తెచ్చింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒలీటా హారన్ కొట్టింది. వెనక తలుపు తెరుచుకుని ఒక లావుపాటి నర్సమ్మ బయటికొచ్చింది.

"చూడండి, మేం దారి తప్పి వచ్చాం," అని ట్వైలా అరిచినంత పని చేసింది. "బొంతల కోసం, వట్టి బొంతల కోసం!"

నర్సమ్మ ఆమె వంక చూడనైనా లేదు. వంగి, డ్రైవరు కిటికీలోకి తలపెట్టి నవ్వింది.

"ఈ వారం ఎవర్ని తీసుకొచ్చారు, మిస్ ఒలీటా?"