ఊరికే వచ్చింది

“ఊరికే ఇస్తున్నారంటేనే తెలియట్లేదూ, అది ఎందుకూ పనికిరాదని!” అంటూ లోహాల ల్యాబు డైరెక్టర్, తన కింద పనిచేసే సైంటిస్టు తెచ్చిన కాగితాలను ఆమె వైపే బల్ల మీద నుంచి వెనక్కి తోసేశాడు.

“అలా కాదు సర్. ఈ సాఫ్ట్‌వేర్, లోహాన్ని కొలిమిలో పెడితే లోపలి రేణువులు ఎంత పెరుగుతాయో ముందే లెక్కకట్టి చూపిస్తుంది. ఎన్నో ల్యాబుల్లో వాడుతున్నారు. కోడ్ కూడా దాచుకోలేదు, ఎవరైనా చదువుకోవచ్చు.”

“దాచుకోవడానికి అందులో ఏముంది గనక? శుక్రవారంలోగా మంచి కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో లెక్క చూపించు. లేదంటే ప్రాజెక్టు పక్క సెక్షన్‌కి ఇచ్చేస్తాను.”

ఆమె ప్రాణం పెట్టి చేస్తున్న ప్రాజెక్టు అది. ఏడుపొక్కటే తక్కువ. ఇంటికెళ్లి, రెండు గదుల్లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్న మరిది దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

“ఓస్, ఇంతేనా వదినా! లోపలి సరుకు అలాగే ఉంచి పైన సోకు చేద్దాం,” అన్నాడు మరిది.

చేశాడు. నల్లటి తెర, బంగారు రంగు అక్షరాలు, నోరు తిరగని ఓ పేరు, రెండుసార్లు అడిగే పాస్‌వర్డ్. వాడి చూసి నచ్చితేనే కొనండంటూ, ఏదో పెద్ద కంపెనీ మనిషిలా గొంతు మార్చి డైరెక్టర్‌కి ఫోన్ కూడా చేశాడు. లోపల ఉన్నది మాత్రం ఆ ఉచిత సాఫ్ట్‌వేరే.

శుక్రవారం డైరెక్టర్ తెర ముందు కూర్చుని కళ్లప్పగించి చూశాడు. రంగురంగుల రేణువులు ఒకదాన్నొకటి మింగుతూ పెరుగుతున్నాయి.

“అదీ పనితనమంటే! ప్రాజెక్టు నీదే, పో!”

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఆయనకు మరో ఆలోచన వచ్చింది.

“ఆ ఊరికే వచ్చేదాంట్లోనూ ఇదే లెక్క వేసి పక్కన పెట్టు. తేడా ఏమిటో నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని.”

ఆమె తప్పించుకునే దారి లేక వేసింది. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన నిలిచాయి. రేణువుకు రేణువు, అంచుకు అంచు, అచ్చుగుద్దినట్టు ఒకటే.

డైరెక్టర్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఇక దాచి లాభం లేదనుకుందామె.

“నన్ను క్షమించాలి సర్. అసలు సంగతేమిటంటే...”

“నువ్వేం చెప్పక్కర్లేదు, నాకర్థమైంది!” ఆయన బల్ల గుద్దాడు. “ఎంత దొంగవెధవలు! ఇంత గొప్ప కంపెనీ సరుకును మక్కీకి మక్కీ కాపీ కొట్టి, ఊరందరికీ ఊరికే పంచిపెడతారా? ఆ కంపెనీవాళ్ల చేత ఇవాళే కేసు వేయిద్దాం. సాక్షివి నువ్వే!”