తన్వీర్ కంప్యూటర్‌కు కొత్త పని

"దాని మీదికెల్లి చెయ్యి తియ్యి అజీజ్!"

సుగ్రా బేగం అరుపుకు, కంప్యూటర్‌ను ఎత్తబోయిన అజీజ్ ఆగిపోయాడు. బయట గద్వాల కోట వెనక గల్లీలో పాత సామాన్లవాడు తోపుడుబండి ఆపుకుని ఎదురు చూస్తున్నాడు.

"ఖాలా, దీంట్ల ఇంటర్‌నెట్ రాదు, పాటలు రావు. ఇనుము కింద పోతే పోనీ. చెల్లెను తోల్కపోనీకి వచ్చిన. ఇల్లు గిట్ల జర సదిరిచ్చి పోదామని..."

"పిల్ల పోదు, డబ్బా పోదు."

తలుపు చాటున నిలబడ్డ ఫరాకు ఆ మాట విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆమె భర్త తన్వీర్ కర్నూలు దారిలో లారీ ప్రమాదంలో పోయాడు. సుగ్రా బేగంకు అతనొక్కడే సంతానం. భర్త పోయిన ఆడది గడప దాటకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు తీరగానే, నాగర్‌కర్నూల్ నుంచి అన్న వచ్చాడు. అక్కడికి పోతే వదిన చేతి కింద బతకాలి, లేదంటే అన్న చూసిపెట్టిన ఇద్దరు పిల్లల తండ్రికి తల వంచాలి. ఇక్కడుంటే గోడ మీద తన్వీర్ ఫోటో, దాని కింద అత్త నిట్టూర్పులు. నీకేది కావాలని ఫరాను ఎవరూ అడగలేదు.

"ఏం పనున్నది ఖాలా ఈ డబ్బాతోని?"

"పని నేను చూపిస్త. పండగ దాటినంక రా."

కొడుకును ఆఖరిసారి కర్నూలు బస్సెక్కించి సాగనంపిన రోజు నుంచి సుగ్రా బేగం బస్టాండు దిక్కు పోలేదు. ఎవరైనా 'పోయొస్త' అంటే చాలు, ఎప్పుడొస్తవని నాలుగుసార్లు అడిగేది. ఫరా పక్కింట్లో జరసేపు ఎక్కువ కూర్చున్నా వాకిట్లోకి వచ్చి పిలిచేది.

పని చూపడం అన్నంత సులువు కాలేదు. పక్కింటి హన్మమ్మ విరగబడి నవ్వింది.

"వదినా, వెచ్చగుంటది గద, దాని మీద కోడిని పొదగెయ్యి."

"కోడి నీది తే. పిల్లలు నాయి."

చివరికి సుగ్రా బేగం తన్వీర్ దోస్తు మొయినుద్దీన్‌ను పిలిపించింది. బస్టాండు పక్కనే అతని ఇల్లు, ఇంటి ముందు గదిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. అతను కంప్యూటర్ మూత విప్పి దుమ్ము ఊది చూశాడు.

"ఇంటర్‌నెట్‌కు ముసల్దయింది గని ఖాలా, తెలుగు అక్షరాలు కొట్టనీకి మంచిగనే ఉన్నది. హిందూ దోస్తులకు పంచనీకి మనోళ్ళు తెలుగుల పెండ్లి రుఖాలు అడుగుతున్నరు. కొట్టి ఫ్లాపీల ఏసిస్తే నేను అచ్చేస్త."

తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన ఫరాకు అక్షరాలు త్వరగానే పట్టుబడ్డాయి. మొదటి రుఖా, అంటే పెళ్ళిపత్రిక, కొడుతూనే తడబడింది.

"అత్తమ్మా, ఈ తెలుగు రుఖాల గూడ పెండ్లిపిల్ల పేరు లేదు!"

"ఆడపిల్ల పేరు మనోళ్ళు అచ్చెయ్యరు బిడ్డా. తల్లిదండ్రుల పేరుంటే సాలు, ఎవరి పిల్లనో ఊరికి తెలుస్తది."

ఫ్లాపీ కోసం వచ్చినప్పుడల్లా మొయినుద్దీన్ తల దించుకుని వరండాలోనే కూర్చునేవాడు. సుగ్రా బేగం చాయ్ చేతికిచ్చి, ఠాణాలో జమేదారులా ఆరా తీసేది.

"చెల్లెండ్ల పెండ్లిళ్ళయినయా?"

"చిన్నదానిది గూడ అయింది ఖాలా."

"పట్నం పోయి ప్రెస్సు పెడ్తవా ఏంది?"

"లేదు. గద్వాల ఇడిస్తే మా అమ్మకు నిద్ర పట్టది."

"కోపం గిట్ల వస్తదా నీకు?"

"మీరు గిన్ని అడిగినా ఇంకా రాలే గద!"

లోపల ఫరాకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు గోడ మీద ఫోటో వైపు చూడలేకపోయింది. అయినా ఫ్లాపీ ఇచ్చే రోజున ఉతికిన దుపట్టా కోసం చెయ్యి దానంతటదే పోయేది.

పండగ దాటాక అజీజ్ వచ్చాడు. రుఖాలు చూశాడు, మెచ్చుకోలేదు.

"నా చెల్లెను ఈ డబ్బాకు కట్టేస్తున్నవ్ ఖాలా. నీ కొడుకు పోయిండని దాని బతుకు గూడ ఈ ఇంట్లనే పాతిపెడ్తవా?"

ఫరా తల దించుకుంది. అన్న మాట తప్పని ఆమె గట్టిగా అనలేకపోయింది.

"జర కూసో అజీజ్. అర్జంటు రుఖా ఒకటున్నది. అది కొట్టినంక పిల్ల పోతనంటే నేను ఆపను."

సుగ్రా బేగం కంప్యూటర్ మీది గుడ్డ తీసి కుర్చీ జరిపింది. ఫరా కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మెల్లగా, మూలుగుతున్నట్టు వెలిగింది.

"పెండ్లికొడుకు మొయినుద్దీన్. కొట్టు."

ఫరా వేళ్ళు ఆగిపోయాయి.

"మన... ప్రెస్సు మొయినుద్దీనా?"

"ఆఁ. మాటలు మాట్లాడనీకి నిన్న నేనే వాళ్ళింటికి పోయొచ్చిన."

"బస్టాండు దిక్కా? నువ్వా?"

"పోక తప్పుతదా మరి?"

ఫరా కొట్టసాగింది. రోజూ పరుగెత్తే వేళ్ళు ఆ పేరు దగ్గర రెండుసార్లు తప్పు కొట్టి చెరిపాయి. అతనికి పెళ్ళి కుదిరితే తనకెందుకింత బరువు? ఎవరి పిల్లో తెలుసుకోవాలని లేదు. కానీ రుఖా సగంలో ఆగదు కదా. అడగక తప్పలేదు.

"పెండ్లిపిల్ల దిక్కు ఎవరి పేరు కొట్టాలె అత్తమ్మా?"

సుగ్రా బేగం వెనక నుంచి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసింది.

"నీకు ఇష్టమైతేనే, తల్లి జాగల నా పేరు కొట్టు బిడ్డా."