చుట్టూ ఉండే కణాలు

రాజమండ్రిలో ఒక హోటల్ హాలు ముందు డాక్టర్ గంగాధర్‌ని ఓ ముసలాయన ఆపాడు.

"బాబుగారూ, కాస్త లోపల కూచోనిస్తారాండి?"

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కాళ్లకి చెప్పుల్లేవు.

"ఇది డాక్టర్ల మీటింగండి. జబ్బు చూపించుకోవాలంటే రేపు ఆస్పత్రికి రండి."

"నాకు జబ్బేం లేదండి. మీరు చెప్పేది విందామని నర్సాపురం అవతల నించొచ్చాను."

"విన్నా మీకర్థం కాదు పెద్దాయనా. అంతా ఇంగ్లీషే."

"బొమ్మలు చూపిస్తారట కదండి. అవి చూసి వెళ్లిపోతాను."

గంగాధర్ వాచీ చూసుకున్నాడు. "కుదరదండి" అని లోపలికి వెళ్లి తలుపు వేసేశాడు.

అది 2005. ఆ రోజు ఆయన మాట్లాడింది మోటార్ న్యూరాన్ జబ్బు గురించి. కండరాలను కదిపే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేయి లేవదు, మాట రాదు, చివరికి ఊపిరాడదు.

తప్పంతా ఆ నరకణాలదే అనుకున్నారు ఇన్నాళ్లూ. గంగాధర్ తెర మీద ఒక వెన్నుపాము ముక్కను పెద్దది చేసి చూపించాడు. నరకణాల చుట్టూ ఉండి వాటిని సాకాల్సిన గ్లియల్ కణాలు కూడా రూపు మారిపోయి ఉన్నాయి. సాకాల్సినవే హాని చేస్తున్నాయి. చుట్టూ ఉన్నవి బాగుంటే, జబ్బుపడ్డ నరకణం కూడా ఇంకొన్నాళ్లు బతుకుతుందన్నాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి.

మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ సత్యకుమారిగారు దగ్గరికొచ్చారు.

"బాగా చెప్పావు. సత్తియ్యగారేరీ? నేనే రమ్మని ఉత్తరం రాశాను."

"ఆయనెవరండీ?"

"చేపల వేటకెళ్తారు. పెద్దాయన. చెప్పులేసుకోరు."

గంగాధర్ గబగబా బయటికొచ్చాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

వాచ్‌మన్ చెప్పాడు. "ఇందాకటిదాకా ఇక్కడే కూచున్నారండి. చప్పట్లు వినపడ్డాక 'అయితే పనికొచ్చిందన్నమాట' అని లేచారు. బస్సుకి టైమైందని వెళ్లిపోయారండి."

గంగాధర్ వెనక్కొచ్చాడు.

"ఎవరు మేడమ్ ఆయన?"

సత్యకుమారిగారు తెర మీది బొమ్మకేసి చూశారు.

"ఐదేళ్లు చేతుల మీద సాకిన భార్య పెద్దింట్లమ్మ పోయిన రోజున, ఊరంతా వద్దంటున్నా కాటికి తీసుకెళ్లకుండా వ్యాన్లో మా కాలేజీకి తెచ్చి, 'ఈ జబ్బు ఇంకొకరికి రాకుండా చూడండమ్మా' అని అప్పగించి వెళ్లినాయన. నీకు మేం పేరు చెప్పకుండా నంబరేసి ఇచ్చిన ఆ వెన్నుపాము ఆవిడదేనయ్యా."